డ్యూటీఫ్రీ చాక్లెట్ డబ్బాకు

ఓ బంగారు కాగితం దొరా,

యూరప్ నుంచి ఎవరొచ్చినా వాళ్ల సంచిలోంచి ముందు నువ్వే బయటికొస్తున్నావు. పిల్ల మ్యూనిక్‌లో చదివినా నువ్వే, పిల్లగాడు డబ్లిన్‌లో కొలువు చేసినా నువ్వే, రిటైరైన సారూ మేడమూ టూర్ ప్యాకేజీలో ఏడు దేశాలు తిరిగొచ్చినా నువ్వే. ఏ ఊళ్లు చూశారని అడిగితే బాన్సువాడ బస్టాండు నుంచి ఇల్లు చేరేదాకా చెబుతారు. ఆ ఊళ్లల్ల ఏం దొరుకుతదని అడిగితే మాత్రం నిన్ను చేతిలో పెడతారు. తెచ్చినవాళ్లను అనలేం కదా, అందుకే ఈ లేఖ నీకు.

విదేశీ సామాను మాకు వింతేం కాదు. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెలు దుబాయి, మస్కట్ బాట పట్టి దశాబ్దాలైంది. అప్పట్లో బొంబాయిలో దిగి ఇల్లు చేరేవాళ్లు. అట్టపెట్టెకు చుట్టూ తాడు, పైన మార్కర్‌తో పేరు, ఊరు, జిల్లా. విప్పితే నిడో పాలడబ్బా, టాంగ్ పొడి, టైగర్ బామ్, పులిబొమ్మ దుప్పటి, సెంటు సీసా. అందులో దుబాయిలో తయారైంది ఏదీ లేదని అందరికీ తెలుసు. అయినా ఆ పెట్టెలో ప్రతి వస్తువుకూ ఒక మనిషి ఉండేవాడు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకు బామ్, కొత్తగా పెళ్లయిన బామ్మర్దికి సెంటు, బాలింత చెల్లెకు పాలపొడి. ఎవరికేం కావాలో ఉత్తరాల్లోనే తేలిపోయేది. నీకా బాధ లేదు. నువ్వు ఎవరికైనా సరిపోతావు, అంటే ఎవరి కోసమూ రాలేదన్నమాట.

పన్ను లేదు కాబట్టి చౌక అని నీ గురించి ఒక ప్రచారం ఉంది. మద్యం, సిగరెట్ల మీద ఎక్సైజు బాదుడు పెద్దది కాబట్టి అక్కడ తేడా నిజమే. కానీ జర్మనీలో తిండి సరుకుల మీద వ్యాట్ 7 శాతమే, స్విట్జర్లాండ్‌లో 2.6 శాతం. అంత చిన్న పన్ను పోతే మిగిలేదెంత? అక్కడి ఊళ్లో లిడ్ల్, ఆల్డీ లాంటి చౌక సూపర్‌మార్కెట్‌కు పోతే మంచి చాక్లెట్ నీకంటే చాలా తక్కువకు వస్తుంది. నిన్ను కొనడానికి అసలు కారణం వేరే. సూట్‌కేసు 23 కిలోలు దాటితే కౌంటర్ దగ్గర విప్పిస్తారు. నువ్వు ఆ తూకం అయ్యాక చేతికొస్తావు. విమానం ఎక్కే ముందు, "అయ్యో, చిన్నమ్మ వాళ్లకు ఏం తీసుకోలేదే" అని గుర్తొచ్చే గంటలో అద్దాల అరల్లో మెరుస్తూ నిలబడతావు. నీ వ్యాపారం మొత్తం ఆ గంట మీద నడుస్తోంది.

పోనీ నువ్వు ఆ దేశపు సరుకువేనా? మీ వంశంలో అందరికంటే పేరున్న టోబ్లెరోన్ 1908లో బెర్న్‌లో పుట్టింది. దాని మీద మాటర్‌హార్న్ శిఖరం బొమ్మ ఉండేది. తయారీలో కొంత స్లొవేకియాకు మార్చాలనుకునేసరికి చట్టం అడ్డొచ్చింది. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం పాల ఉత్పత్తి మీద స్విస్ గుర్తు వేసుకోవాలంటే పాలన్నీ స్విట్జర్లాండువే కావాలి. దాంతో 2023లో మాటర్‌హార్న్ పోయి, ఊరూపేరూ లేని కొండ వచ్చింది. మనం ఇక్కడ పిల్లలకు చూపించి, "ఇది స్విట్జర్లాండ్ కొండ" అంటున్నాం.

ఇక మా ఎండల సంగతి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మా దగ్గర 40 దాటడం మామూలే. శంషాబాద్‌లో దిగి కారులో మా ఊరు చేరేలోపు నువ్వు ముద్దవుతావు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతావు గానీ ఒంటి నిండా తెల్ల బూజులాంటి పొర. అది పాడైనట్టు కాదు, కొవ్వు పైకి తేలడమేనని ఎంత చెప్పినా మా పెద్దమ్మ నోట్లో పెట్టదు. మీ చుట్టాల్లో కొందరి కడుపులో చెర్రీ మద్యం ఉంటుంది, మెత్తటి జెల్లీల్లో పంది జెలటిన్ ఉంటుంది. అట్ట మీద జర్మన్‌లో రాసి ఉన్నది ఇక్కడ ఎవరు చదివి పెట్టాలి?

నువ్వు అడ్డు తప్పుకుంటే ఎన్ని రావచ్చో తెలుసా? న్యూరెంబర్గ్‌లో లేబ్‌కూహెన్ అని మసాలా బిళ్లలు చేస్తారు. 'న్యూరెంబర్గ్ లేబ్‌కూహెన్' అన్న పేరు ఆ ఊరి తయారీకే చెల్లుతుంది. వాటిలో మేలురకం ఎలీసెన్‌లో నాలుగో వంతుకు తగ్గకుండా బాదం, హేజెల్‌నట్ లాంటి పప్పులుండాలి, పిండి పదో వంతు దాటకూడదు. గుడ్డు ఉంటుంది, తినని ఇంటికి ముందే చెప్పాలి. చాక్లెట్ పూత లేనిది తెస్తే మన ఎండకు చెక్కుచెదరదు. హంగరీలో సెగెడ్, కలోచా ఊళ్ల పప్రికా కారం దొరుకుతుంది. మిరప మన దగ్గరికి పోర్చుగీసులతో వచ్చింది, వాళ్ల దగ్గరికి టర్కీవాళ్లతో పోయింది. వేరే దారిన పోయిన అదే మిరప ఏ రుచికొచ్చిందో చూడాలని కారం పట్టించుకునే ఏ ఇంట్లో ఉండదు? చప్పగా ఉందని తిట్టుకున్నా పది రోజులు దాని ముచ్చటే నడుస్తుంది. మార్సెయ్ సబ్బు దిమ్మ మీద 72 శాతం నూనె అని అచ్చు ఉంటుంది, కరగదు, విరగదు. కత్తులకూ కత్తెర్లకూ పేరుపడ్డ సోలింగెన్ పేరును జర్మనీ 1938 నుంచి చట్టంతో కాపాడుకుంటోంది. బట్టలు కుట్టే మేనమామకు ఆ కత్తెర ఇస్తే నీలాంటి డబ్బాలు వంద మరిచిపోతాడు.

మోసాలు లేవనను. కుక్కూ గడియారాన్ని స్విస్ సరుకని లూసెర్న్‌లో కొంటారు, దాని పుట్టిల్లు జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్. వెనిస్‌లో మురానో గాజు పేరిట ఎక్కడెక్కడివో అంటగడతారు. అసలుది కావాలంటే 'వెట్రో ఆర్టిస్టికో మురానో' ముద్ర చూడాలి. ఇటలీలో నకిలీ బ్రాండు సంచి కొంటే అమ్మినవాడికే కాదు, కొన్నవాళ్లకూ జరిమానా పడుతుంది. ఇవన్నీ కనుక్కోవడానికి కొంచెం తిరగాలి, ఇద్దరినడగాలి. నీ దగ్గర అడగాల్సిన పనే లేదు కాబట్టే గెలుస్తున్నావు.

ఇటు నుంచి పోయేటప్పుడు మనదీ ఇదే తంతు. సొంతానికి తొక్కు, సకినాలు సర్దుకుంటారు. అక్కడి ప్రొఫెసర్‌కో ఇంటి ఓనరమ్మకో ఇవ్వడానికి శంషాబాద్‌లో చివరి నిమిషంలో బిస్కెట్ డబ్బా కొంటారు. నిజామాబాద్ మీదుగా గోదావరి దాటితే నిర్మల్. పొనికి కర్రతో చేసిన బొమ్మ దూదంత తేలిక, 23 కిలోల లెక్కకు అసలే భారం కాదు. కానీ ఆ మాట వీసా వచ్చిన రోజు గుర్తుండదు. చూశావా, నీ తమ్ముడొకడు మా విమానాశ్రయంలోనూ కాపురం పెట్టాడు.

దసరాకు మా అక్క కొడుకు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి వస్తున్నాడు. సోలింగెన్ వాడికి పక్కనే. వాట్సాప్‌లో రాసి పంపాను: మామకు కత్తెర ఒకటి, పప్రికా దొరికితే పావు కిలో, తిరుగు ప్రయాణానికి ముందు నిర్మల్ పోదాం. కత్తెరను చేతిసంచిలో పెట్టొద్దు, పెట్టెలో వేయి, లేకపోతే సెక్యూరిటీలో గుంజుకుంటారు. వాళ్లు గుంజుకున్నాక వాడు తిన్నగా నీ దగ్గరికే వస్తాడని నాకు తెలుసు.

ఇట్లు,
బాన్సువాడలో నిన్ను పంచిపెట్టి అలసిన ఒకరు