నల్లనావ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఐరోపా నదుల మీద విహార నావల్లో తిరిగేవాళ్లు చాలావరకు ఉద్యోగ విరమణ చేసినవాళ్లే అన్నది లోకప్రసిద్ధం. పొద్దున్నే డెక్ మీదికి వచ్చి, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, రైన్ గట్టు మీది కోటలను బైనాక్యులర్‌లో చూసుకుంటూ కాఫీ తాగే పుణ్యాత్ములు వాళ్లు. డబ్బుంది, తీరిక ఉంది, గొడవ చెయ్యరు. వ్యాపారి ఇంతకంటే ఏం కోరతాడు? అయినా వ్యాపారికి దిగులు పుట్టింది. వీళ్ల తర్వాత ఎవరు? ఆ దిగులులోంచి 2016లో ఒక సంకల్పం బయల్దేరింది. యూనివరల్డ్ అనే నదీవిహార సంస్థ కుర్రకారు కోసమే ‘యూ బై యూనివరల్డ్’ అనే కొత్త శాఖ పెడుతున్నామని ప్రకటించింది. 2018 వసంతంలో ఆ నావలు నీళ్ల మీదికి వచ్చాయి. ఆ చరిత్రనంతా నాలుగు పాదాల్లో కుదించిన ఆటవెలది ఇది. కర్త ఎవరో ఈ వ్యాఖ్యాతకు బాగా తెలుసు గాని, సంప్రదాయాన్ని పాటించి అజ్ఞాతకర్తృకం అనే అంటున్నాడు.

మూలం

నల్లరంగు పూసి నావకుఁ, బడుచుల
రమ్మటంచుఁ బిలిచి, రాత్రి నిలిపి,
నలువదైదు మించినను రాకు మనిరయా;
పిదపఁ దెఱచి రంత పెద్దలకును.

ప్రతిపదార్థం

నావకున్ = పడవకు (పాతదానికి అని అధ్యాహారం); నల్లరంగు పూసి = నల్లని రంగు వేసి; పడుచులన్ = యువతీయువకులను; రమ్మటంచున్ పిలిచి = రండి రండని ఆహ్వానించి; రాత్రి = చీకటి పడ్డాక; నిలిపి = రేవులోనే ఆపి; నలువదైదు మించినను = నలభై అయిదు ఒక్క ఏడు దాటినా; రాకుము = రావద్దు; అనిరి = అన్నారు; అయా = ఓ టికెట్టు కొనువాడా; పిదపన్ = తరువాత; అంతన్ = ఆ మీదట; పెద్దలకును = పెద్దవాళ్లకు సైతం; తెఱచిరి = తలుపు తీశారు.

తాత్పర్యం

పాత పడవకు నల్లరంగు వేసి, రాత్రిళ్లు ఊళ్లోనే ఆపుతామని ఆశపెట్టి కుర్రవాళ్లను పిలిచారు. పెద్దవాళ్లు గడప తొక్కొద్దన్నారు. తర్వాత పెద్దవాళ్లకూ తలుపు తీశారు. సుగమం.

విశేషాలు

‘పూసి’: కవి ‘నావ కట్టి’ అనలేదు, ‘పూసి’ అన్నాడు. ఛందస్సు కోసం పడ్డ తంటా అనుకోవద్దు. ‘కట్టి’ వేసినా అదే హగణం, పాదం ఎక్కడా కుంటదు. కావాలనే పూశాడు. ఎందుకంటే ఆ రెండు నావలూ కొత్తగా కట్టినవి కావు. అదే సంస్థ వెనకటినుంచి నడుపుతున్న రివర్ అంబాసిడర్, రివర్ బారనెస్ అనే నావలు. తక్కినవన్నీ తెల్లగా మెరిసే రేవులో ఇవి మాత్రం నల్లగా నిగనిగలాడేలా చేసి, పేర్లు కత్తిరించారు. అంబాసిడర్ ‘ద ఏ’ అయింది, బారనెస్ ‘ద బీ’ అయింది. రాయబారి గారూ జమీందారిణి గారూ బిరుదులు వదిలేసి పొడి అక్షరాలై కాలేజీలో చేరారన్నమాట. లోపల కూడా మార్పులు చేశారు. ముగ్గురు స్నేహితులు కలిసి పడుకునే గదులు, అందరూ ఒకచోట కూర్చుని తినే పొడుగాటి బల్లలు, కప్పు మీద కూర్చునే చోటు, కాక్‌టెయిల్ కలిపే నిపుణులు, పొద్దున యోగా, రాత్రి మూగ డిస్కో.

ఈ ‘మూగ డిస్కో’ దగ్గర కొంచెం ఆగాలి. నాట్యశాస్త్రం ఎరిగినవాళ్లు ‘అశబ్ద నృత్తం’ అనబోతారు గాని, అసలు సంగతి ఇది: పాట బయటికి వినిపించదు. ఎవరి చెవులకు వాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడతారు. గట్టున పోయేవాడికి కనిపించేది, నిశ్శబ్దంలో చేతులూపుతున్న ఒక గుంపు. నది ఒడ్డు ఊళ్లు పెందరాళే నిద్రపోతాయి. డెక్ కిందనే పడక గదులుంటాయి. ఈ రెండు ఇబ్బందుల మధ్య ఆట దొరకాలంటే దానికి నోరు లేకుండా చేయడమొక్కటే ఉపాయమని వ్యాఖ్యాత ఊహ. యౌవనాన్ని ఇంత మర్యాదగా ప్రదర్శించిన సందర్భం ప్రబంధాల్లో కూడా లేదు.

‘రాత్రి నిలిపి’: పద్యానికి ప్రాణం ఈ రెండు మాటల్లో ఉంది. తక్కిన వ్యాఖ్యాతలు దీన్ని ‘స్పష్టం’ అని దాటేస్తారు. మామూలు నదీవిహారంలో నావ రాత్రి నడుస్తుంది, పగలు ఆగుతుంది. ప్రయాణికుడు ఒక ఊళ్లో భోంచేసి పడుకుని ఇంకో ఊళ్లో లేస్తాడు. పెట్టె సర్దక్కర్లేదు, కాలు కదపక్కర్లేదు. ముసలితనానికి ఇంతకన్నా అనువైన వాహనం మనిషి కనిపెట్టలేదు. కుర్రవాడికి ఇదే కొరగాదు. బుడాపెస్ట్‌లో పాడుబడ్డ ఇళ్ల ముంగిళ్లలో వెలిసిన ‘శిథిల బార్లు’ మేలుకునేది రాత్రే, నావ బయల్దేరేదీ రాత్రే. అందుకే ఈ సంస్థ ఆలస్యంగా బయల్దేరటం, కొన్ని ఊళ్లలో రాత్రంతా ఉండిపోవటం అనే సవరణ తెచ్చింది. అది నిజంగా తెలివైన సవరణ. రంగు కంటే, యోగా కంటే, కుర్రవాళ్ల మనసు దీనికే తెలిసింది. పూర్తిగా మెచ్చుకుంటున్నాను.

శంక: రాత్రి కదలని నావ నావ అవుతుందా, గదులున్న హోటల్ అవుతుందా? సమాధానం: నావే, ఎందుకంటే హోటల్ కిటికీలోంచి ఇంకో హోటల్ కిటికీలోకి చూడక్కర్లేదు. రద్దీ రేవుల్లో ఈ నావలు గట్టుకు ఒకటి, దాని పక్కన ఇంకోటి, దాని పక్కన మూడోది కట్టుకుని నిలబడతాయి. బయటి నావలోని మనిషి ఊళ్లోకి పోవాలంటే లోపలి నావల హాల్లోంచి నడిచిపోవాలి. మధ్య నావలో పడ్డవాడు పరదా తీస్తే డాన్యూబ్ కనిపించదు. ఎదుటి నావలో పళ్లు తోముకుంటున్న పెద్దమనిషి కనిపిస్తాడు.

‘నావకు’: ఇక్కడ కవిని ఒక మాట అనక తప్పదు. పద్యంలో నావ ఉంది, రంగుంది, పడుచులున్నారు, రాత్రి ఉంది, వయసుంది, తలుపుంది. నది లేదు. ఇది కవిదోషమా? కాదు. ఆ సంస్థ మనసులో ఉన్నదే కవి పట్టుకున్నాడు. రూపకల్పన అంతా నావ మీద, జనం మీద జరిగింది గాని, ఆ నావ ఎలా ఉండాలో ఎప్పుడో నిర్ణయించేసింది నది. రైన్ నుంచి డాన్యూబ్‌కు పోవాలంటే మైన్ నదిలోంచి, 1992లో పూర్తయిన మైన్–డాన్యూబ్ కాలువలోంచి పోవాలి. బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ వరకు 171 కిలోమీటర్ల ఆ కాలువకు 16 లాకులు. అవి మెట్లలా నావను సముద్రమట్టం మీద 406 మీటర్ల ఎత్తుకు ఎక్కించి మళ్లీ దింపుతాయి. లాకు వెడల్పు 12 మీటర్లే. కాబట్టి ఈ దారిలో తిరిగే నావలన్నీ 11 మీటర్ల చిల్లర వెడల్పుతో, 135 మీటర్లకు మించని పొడుగుతో, ఒకే బొమ్మ నుంచి దించినట్టుంటాయి. వైకింగ్ సంస్థ 2012 నుంచి దించుతున్న పొడుగునావల్లో పట్టేది 190 మంది. 2024లో సముద్రంలోకి వచ్చిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ 365 మీటర్ల పొడుగు, 20 అంతస్తులు. దాని మీద నీటి జారుడుబల్లలు పెట్టొచ్చు, మంచు మీద ఆట ఆడించొచ్చు. లాకులో దూరాల్సినదాని మీద బల్లలూ కుర్చీలూ పెట్టొచ్చు. వాటిని కూడా ఎత్తు తక్కువ వంతెనలు వచ్చినప్పుడు మడిచేయాలి. చుక్కాని గది సైతం కిందికి కుంగుతుంది. కప్పు మీద కాక్‌టెయిల్ తాగుతున్న యౌవనం అప్పుడు తల వంచుకుని మెట్లు దిగాల్సిందే.

ఎత్తు, వెడల్పు చాలవన్నట్టు లోతు కూడా నది ఇష్టమే. 2018 అక్టోబర్‌లో, అంటే నల్లనావల తొలి ఏడాదే, రైన్ గట్టు మీది కౌబ్ కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. (అది నది మొత్తం లోతు కాదు, కొలబద్ద మీది అంకె. నావ నడిచే చాలులో ఇంకో మీటరుకు పైగా నీళ్లుంటాయి. అయినా సరకు పడవలు సగం కూడా నింపుకోలేకపోయాయి.) అలాంటి ఏడు నదీవిహారానికి డబ్బు కట్టినవాళ్లు చాలా దూరం బస్సులో విహరిస్తారు. 2022 వేసవిలోనూ ఇదే కథ. కవి నదిని పద్యంలోంచి తీసేశాడని బాధపడేవాళ్లు, ఆ ఏళ్లలో నది తనంతట తనే తప్పుకోబోయిందని గమనించాలి.

‘నలువదైదు మించినను’: ఇక్కడ పాఠాంతరం ఉంది. 2016 నాటి ప్రాచీన ప్రతిలో 18 నుంచి 40 వరకు అని కనిపిస్తుంది. తర్వాతి ప్రతుల్లో 21 నుంచి 45. యౌవనం ఒక్క ఏడాదిలో కింద మూడేళ్లు కోల్పోయి పైన అయిదేళ్లు సంపాదించింది. లేఖక ప్రమాదం కాదిది, గిరాకీ లెక్క. ఆ 18, 19, 20 ఏళ్ల వాళ్ల దగ్గర ఉత్సాహం తప్ప ఏమీ లేదనీ, 41 నుంచి 45 వాళ్ల దగ్గర ఉత్సాహం తప్ప అన్నీ ఉన్నాయనీ ఎవరో మంచి గుమాస్తా కనిపెట్టి ఉండాలి.

తర్కం చదువుకున్నవాళ్లు ‘ఇరవై ఒకటికీ నలభై అయిదుకూ మధ్య ఉండటం యౌవన లక్షణం’ అనగానే పైకి లేస్తారు. అవ్యాప్తి: పాసౌ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ గట్టున సైకిల్ తొక్కుకుంటూ పోయే అరవై ఏళ్ల జర్మన్ అవ్వలు దీనికి అందరు. అతివ్యాప్తి: తొమ్మిది గంటలకే ఆవులించే ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగి అందుతాడు. రెండు దోషాలూ ఉన్న లక్షణం లక్షణం కాదు. అదే యాజమాన్యం కింద కాంటికి అనే సోదర సంస్థ 18–35 వాళ్లకు బస్సు యాత్రలు దశాబ్దాలుగా నడిపింది. అక్కడ పనికొచ్చిన సూత్రం ఇక్కడ ఎందుకు బెసికింది? బస్సు చౌక. నావ చౌక కాదు. కుర్రతనం నిజంగా మొదలయ్యేది టికెట్టు ధర దగ్గరే.

‘పిదప... అంత’: రెంటికీ అర్థం ఒకటే కదా, పునరుక్తి దోషం కాదా అని చదువుకున్న పాఠకుడు అడుగుతాడు. కాదు. ఆ సంస్థ తలుపు తీసింది ఎన్నో ప్రయాణాలయ్యాక, అనుభవం పొందాక కాదు. తొలి నావ కదలకముందే, 2018 మార్చిలోనే, పై హద్దు ఎత్తేశారు. ‘పిదప’ అన్నది హద్దు పెట్టిన పిదప, ‘అంత’ అన్నది నావ కదలబోయే అంతలో. నలభై అయిదు దాటినవాళ్లే మేమూ వస్తామని అడిగారని చెప్పారు. ఇక్కడ ధ్వని ఉంది, వాచ్యం చేయను. 2020 మహమ్మారి తర్వాత ఆ శాఖ నిలవలేదు. ఇవాళ ఆ పేరుతో నావలు లేవు.

‘పడుచుల’: అసలు ప్రశ్న ఇది. అప్పుడు పడుచులు ఎక్కడున్నారు? రైన్ మీద బాచరాఖ్ అనే చిన్న ఊరుంది. కొండ మీద స్టాలెక్ కోట. కింద నావలోని పెద్దవాళ్లు ఆ కోటను ఫొటో తీసుకుంటారు. ఆ కోట యూత్ హాస్టల్. పడుచులు లోపల, బంకు మంచాల మీద ఉన్నారు. జర్మనీ 1912లోనే ఆల్టెనా కోటలో ఇలాంటి హాస్టల్ తెరిచింది. 1972లో కుర్రవాళ్ల కోసం ఇంటర్‌రైల్ పాసు వచ్చింది. నల్లనావలు కదిలిన 2018లోనే యూరోపియన్ యూనియన్ పద్దెనిమిదేళ్ల పిల్లలకు రైలు పాసులు ఉచితంగా పంచటం మొదలుపెట్టింది. ఒక చేతికి ఉచిత పాసు అందుతుంటే ఇంకో చేత్తో నావ టికెట్టు కొనే పద్దెనిమిదేళ్లవాడు కావ్యాల్లో కూడా దొరకడు.

కుర్రవాళ్లు నావ ఎక్కిన సందర్భాలు లేకపోలేదు. 2016 నుంచి డిస్నీ వాళ్లు అమావాటర్‌వేస్ నావల్లో డాన్యూబ్ మీద కుటుంబ యాత్రలు నడిపారు. వాళ్లు వయసుకు హద్దు పెట్టి పిల్లలను పిలవలేదు. తాతా అమ్మమ్మలను పిలిచారు, పిల్లలు వాళ్ల చెయ్యి పట్టుకుని వచ్చారు. డబ్బు ఎవరి జేబులో ఉందో తెలిసిన వ్యాఖ్యానం అది. వైకింగ్ దీనికి పూర్తి విలోమం. పద్దెనిమిది నిండనివాళ్లు రాకూడదు, కసినో లేదు. పెద్దవాళ్లకు ప్రశాంతత అమ్ముకుంటూ 2024లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కింది. సముద్రం మీద నడిచే సెలెబ్రిటీ సంస్థ కూడా 2027 నుంచి నదుల్లోకి వస్తానంది. వాళ్లు ఏ రంగు పూస్తారో చూడాలి. లాకు వెడల్పు మాత్రం 12 మీటర్లే.

‘అయా’: ఈ సంబోధన ఎవరికన్నది వివాదాస్పదం. పాదపూరణమని కొందరంటారు. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న మన పిల్లలకని నేనంటాను. బాబూ, అమ్మా, మీ దగ్గర ఎలాగూ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటుంది. కోబ్లెంజ్‌కూ మైంజ్‌కూ మధ్య రైలు రైన్‌కు రెండు గట్లనా పోతుంది, లోకల్ బండికి ఆ టికెట్ చాలు. బాచరాఖ్‌లో దిగి కొండ ఎక్కండి. హాస్టల్‌లో మంచం ముందే రాయించుకోండి, వేసవిలో దొరకదు. నావ సంగతి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.