విశ్వయాత్రికుని అరకు దిగ్విజయము

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చుటకు 1830, 1831 సంవత్సరములలో పదునైదు నెలలు పట్టినది. ప్రతి మజిలీయందును నీరెట్టిదో, వసతి యెట్టిదో, జనుల యాచారములెట్టివో విచారించి వ్రాసికొనుచు పోయినాడాయన. నేటి మన విశ్వయాత్రికుడు పది దినములలో ఏడు దేశముల నవలీలగా జయించి, ఈఫిలు గోపురమును, రోమునగరపు కొలోసియమును తన ముఖము వెనుక నిలువబెట్టి ఫొటోలు తీయించి, ఆవకాయ యన్నము దొరకు హోటలు ఏ వీధిలో నున్నదో మాత్రము నిష్కర్షగా జ్ఞప్తియందుంచుకొని మరలివచ్చును. ఎవరి సొమ్ము వారిది, ఎవరి యావకాయ వారిది. అందుకు నాకభ్యంతరము లేదు. దిగ్విజయశేషముగా అరకులోయపై దండెత్తి, "ప్రపంచమంతయు చూచినాను గాని, ఇంతటి కల్మషమెరుగని సంస్కృతి నెచ్చటను కానలేదు" అని అతడు తీర్పు చెప్పునప్పుడే కలము పట్టవలసి వచ్చుచున్నది.

ఆ తీర్పునకు సాక్ష్యమెట్టిదో చూడుడు. 2017లో ప్రవేశపెట్టిన అద్దాల రైలుపెట్టెలో కూర్చుండి అనంతగిరి కొండలను చూచినాడు. దూరపు కొండలు నునుపని పెద్దలనిరి. అద్దము అడ్డముండినచో దగ్గరి కొండలును నునుపే యని ఈ రైలు నిరూపించినది. ఆ దారి అతని కొఱకు వేసినది కాదు; బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవు మీదుగా జపానునకు పంపుటకై 1960వ దశకమున కొండలు తొలిచి వేసినది. ఆ పట్టాలమీద ముందుగా విదేశయాత్ర చేసినది రాయి.

బొర్రాగుహలలో గైడు దీపము త్రిప్పి, ఇది మునిగడ్డము, ఇది మొసలి యని చూపగా అన్నిటికిని తల యూపినాడు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ దొర 1807లో ఈ గుహలను కనుగొనెనని వినిపించగా నమ్మినాడు. ఆ సంస్థ పుట్టినదే 1851లో! పుట్టని సంస్థలోని యుద్యోగి కనుగొన్న గుహ కంటె ప్రపంచ వింత వేరొకటి యుండునా? పైకప్పు కన్నమునుండి ఆవు జారిపడగా, దానిని వెదకుచు దిగిన కాపరికి శివలింగము కనబడెనను ఊరివారి కథ మాత్రము అతనికి మూఢనమ్మకముగా తోచినది.

సాయంకాలము అసలు ఘట్టము. చైత్రమాసపు ఇటుకల పండుగనాడును, పెండ్లిండ్లలోను తుడుము, మోరి, కిరిడి మ్రోగుచుండగా ఒకరి నడుమొకరు పట్టుకొని గిరిజనులు ఆడు ధింసా నృత్యమును, అతని విడిది ముంగిట నెగడు చుట్టు, భోజనమునకు ముందు కాసేపు ఆడించిరి. శ్రీమతిగారు అద్దె చీర మోకాళ్లవఱకు కట్టి, ఆ వరుసలో దూరి, తప్పుటడుగులు వేసి ఫొటో దిగిరి. ఆడినవారిలో ఒక పిల్ల చేత సెల్‌ఫోను చూచి మన యాత్రికుడు మిక్కిలి ఖిన్నుడై, "అయ్యో, వీరి సంస్కృతి చెడిపోవుచున్నదే!" యని వాపోయెను. తన తాతగారి పిలక ఏ గంగలో కలిసినదో ఎవరును అడుగరాదు. గిరిజనుడు మాత్రము అరకు మ్యూజియములోని బొమ్మవలె, ఉంచిన చోట ఉంచినట్లుండవలెను. బాటలేని గూడెములనుండి నిండుచూలాలిని డోలీ కట్టి మోసికొని దిగుటయు ఆ కొండలలో నేటికిని జరుగుచున్నదే. అదియు మాఱక యుండవలెనని మన యాత్రికుని కోరికయా?

పారిసునగరమున 2017లో తెరచిన అరకు కాఫీ దుకాణములో అడిగిన ధర కిమ్మనక చెల్లించితినని చెప్పుకొను నీ పెద్దమనిషి, ఘాటురోడ్డు ప్రక్క సీతాఫలముల గంప ముందు కూర్చున్న ముసలమ్మతో పది రూపాయలకై కారు ఇంజను ఆపకయే బేరమాడును. ఆమె తగ్గింపకున్నచో, "వీళ్లు కూడ తెలివిమీరిపోయినారు" అని విసుగుకొని అద్దమెత్తుకొనును. కల్మషమెరుగని సంస్కృతి యనగా నేమో ఇప్పటికి నాకు బోధపడినది: బేరమెరుగని సంస్కృతి!

అయ్యా, విశ్వయాత్రికులారా! అరకు తప్పక రండు. నెగడు ముందు కుర్చీలు వేయింపక, సంతరోజున సంతకు పొండు. అచ్చట పసుపును, పిప్పళ్లను, రాజ్‌మాను అమ్మువారితో మాటలాడుడు. వారి పిల్లల బడి యెంత దూరమో, ఆసుపత్రికి బాట యున్నదో లేదో అడుగుడు. పోవునప్పుడు ఆ ముసలమ్మ సీతాఫలములకు ఆమె చెప్పిన ధర చెల్లించి పొండు.