నా మూత తీయకండి

సంతబొమ్మాళి మండలం మూలపేటలో, సముద్రపు హోరు వినబడే ఓ ఇంటి వసారాలో ఉంటాను. డీప్ ఫ్రీజర్‌ని. నేను రాకముందు ఈ ఇంట్లో చేప మిగిలితే ఉప్పు పట్టించి ఎండబెట్టడమే. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలోనూ పులుసుకు లోటు లేదు. ఎండాకాలంలో పచ్చి జీడిపప్పు, పనస తొనలు, కొబ్బరి తురుము కూడా నా కడుపులోకే వస్తాయి.

నాలో పెడితే క్రిములన్నీ చచ్చిపోతాయని చాలామంది నమ్మకం. అంత సీను నాకు లేదు. మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాక్టీరియా చాలామటుకు నిద్రపోతుంది, అంతే. వెచ్చబడగానే లేచి మళ్ళీ పనిలో పడుతుంది. కాబట్టి పాడైన చేపను బాగుచేయడం నావల్ల కాదు. కానాగడతల సంగతి మరీ జాగ్రత్త. అవి ఎండలో పడి ఉంటే హిస్టమిన్ పుడుతుంది. తిన్నవాళ్ళకు మొహం ఎర్రబడి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. దాన్ని నా చలీ పోగొట్టదు, మీ పొయ్యీ పోగొట్టదు. ఒడ్డుకు రాగానే ఐసులో పెట్టిన చేపనే నాకివ్వండి.

మా ఇంటి అత్తగారు పని తెలిసిన మనిషి. కత్తిపీట మీద కోసి, పేగులు తీసి, కడిగి నీళ్ళోడ్చి, ఒక పూట కూరకు సరిపడా ముక్కలు కవర్లో పలచగా పరుస్తుంది. గాలంతా నొక్కి తీసి మూతి కట్టి, పైన తేదీ రాస్తుంది. పలచటి పొట్లం త్వరగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద ఐసు పలుకులు కండను చీల్చి, ముక్క పీచుపీచవుతుంది. నూరేళ్ళ కిందట లాబ్రడార్ చలిలో, పట్టిన చేప పట్టినట్టే బిగుసుకుపోవడం చూసి క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ గ్రహించిన కిటుకు ఇదే. కవళ్ళు, కానాగడతల్లాంటి నూనె చేపలు రెండు మూడు నెలల్లో తినేయాలి, లేకపోతే రుచి చెడుతుంది. నూనె తక్కువవి ఆరు నెలలాగుతాయి.

వండే ముందురోజు రాత్రి పొట్లాన్ని ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. గట్టు మీద వదిలేస్తే లోపల గడ్డగా ఉండగానే పైన బ్యాక్టీరియా పెరుగుతుంది.

నా అసలు గండం తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇక్కడ గాలి లేచిందంటే కరెంటు పోతుంది.

“అత్తా, మూత తీసి ఓపాలి సూద్దునా?”

“తీకే అమ్మా, ఉన్న సలవ పోద్ది.”

అత్తగారి మాటే సరి. నిండుగా ఉంటే, మూత తీయకపోతే 48 గంటలు చలి నిలుపుతాను. సగమే ఉంటే 24 గంటలు. లోపల ఓ గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఉంచుతుంది ఆవిడ. కరెంటు వచ్చాక చూస్తే బిళ్ళ పైనే ఉందా, గండం గడిచినట్టే. అడుగున కనిపించిందా, నేను కరిగి మళ్ళీ గడ్డకట్టానన్నమాట. అప్పుడు వాసన చూసి బాగానే ఉందనుకోవద్దు, వాసన రాకుండానే పాడైనవి ఉంటాయి.

కరెంటు పోయిన రోజున నా మూత తీయకండి. రూపాయి మునిగిన రోజున చేపకు ఆశపడకండి.