ఒక స్టాండప్ వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: 15 నిమిషములని పేరుపడి ముప్పావుగంట సాగెడి ఉదయపు స్టాండప్ సభయందు, "పేమెంట్ పేజీ ఎంతవరకు వచ్చింది?" అని టీమ్ లీడ్ ప్రశ్నింపగా డెవలపర్ సెలవిచ్చుచున్నాడు.

మూలం: ఆల్మోస్ట్ అయిపోయింది సార్, మనవాళ్ళు చూస్తున్నారు, రేపటికల్లా ఇచ్చేద్దాం.

ప్రతిపదార్థం: సార్ = ఓ నాయకుడా; ఆల్మోస్ట్ = సులువైన భాగమంతయు; అయిపోయింది = దానంతట అదే ముగిసినది; మనవాళ్ళు = పేరు చెప్పరానివారు; చూస్తున్నారు = చేయుటలేదు; రేపటికల్లా = ఈ ప్రశ్న మరల వచ్చు వేళకు; ఇచ్చేద్దాం = నీవును నేనును కలిసి ఇత్తము.

పాఠాంతరం: శుక్రవారపు ప్రతులలో "మండేకల్లా" అని కలదు. అర్థభేదము లేదు.

తాత్పర్యం: నాయకా! పని ఉన్నది, చేయువాడు లేడు. ఇచ్చితిమా, ఘనత నాది. ఇవ్వమా, "ఇచ్చేద్దాం"లో నీవును ఉన్నావు.

వ్యాకరణ విశేషం: "చేశాను" అన్నచో కర్త దొరకును, "అయిపోయింది" అన్నచో దొరకడు. ఇది వక్త దోషమని కొందరు. అది తగదు. "ఎంతవరకు వచ్చింది?" అను ప్రశ్నయే కర్త లేక పుట్టినది. పని పంచిన నాడు లీడ్ "చూసి చేసేయండి" అని గ్రూపులో పెట్టి ఊరకుండెను. ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టిరి. ఎవరిది, ఎన్నటికి, ఏమి కనబడినచో అయినట్లు? ఈ మూడును ఆనాడే అడుగవలసినవి. గడువు దాటిన పిదప అడిగినవానికి కారణములే దొరకును.

ప్రమాణం: 2020 నాటి స్క్రమ్ గైడ్ "రోల్స్" అను మాటను తొలగించి "అకౌంటబిలిటీస్" అని నిలిపెను, పూర్తి అనుటకు "డెఫినిషన్ ఆఫ్ డన్" ఉండవలెననెను. బెల్ ల్యాబ్స్ వాస్తవ్యుడగు టామ్ కార్గిల్ మతమున మొదటి 90 శాతం కోడుకు 90 శాతం కాలమును, మిగిలిన 10 శాతమునకు మరియొక 90 శాతమును పట్టును. కావున "ఆల్మోస్ట్" అనగా సగమని గ్రహించునది.

నాయక భేదం: ధీరోద్ధతుడు అందరి ఎదుట కేకలు వేయును, మరునాటినుండి నిజము ఆయన చెవికి చేరదు. ధీరలలితుడు "పర్లేదులే" అని రాత్రి తానే కూర్చుని చేయును. ధీరశాంతుడు క్లయింటు మెయిలు వచ్చువరకు ధ్యానమందుండును. ధీరోదాత్తుడు విడిగా పిలిచి "ఎక్కడ ఆగావు? నేనేం చేయాలి?" అని అడిగి, కొత్త తేదీని ఆతని నోటనే పలికించును.

ఫలశ్రుతి: ఈ టీకను పాటించు లీడునకు "రీఫండ్ భాగం నాది సార్, గురువారం సాయంత్రానికి టెస్టింగ్‌కి ఇస్తాను, బ్యాంకు నుంచి అప్రూవల్ రాకపోతే బుధవారమే చెబుతాను" అను వాక్యము లభించును. బుధవారము ఆ కబురు వచ్చినపుడు మండిపడనివానికి మాత్రమే అట్టి వాక్యము రెండవసారి లభించును.