పెట్టె కొనండి, పింగాణీ వస్తుంది

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో కళాకారులు సొంత బట్టీల్లో కాల్చిన పింగాణీ సేకరించాలని బుద్ధి పుట్టిందా? శుభం. ముందు కళ్ళు మూసుకోండి. ఈ సరదాకి కళ్ళే అడ్డం.

మీరు కొనవలసింది పెట్టె. తొమొబాకో అంటారు. తేలికపాటి కిరి చెక్క, నేసిన పట్టీతో ముడి, మూత మీద కళాకారుడు తన కుంచెతో రాసిన వస్తువు పేరు, సంతకం, పక్కనే ఎర్ర ముద్ర. ఇది ఉంటే గిన్నెకి వంశం ఉన్నట్టు. లేకపోతే ఎంత అందగత్తె అయినా అనాథే. పిల్లాడి కంటే ముందు జాతకం అడిగే మనకి ఇది విడమరిచి చెప్పాలా? గిన్నె పగిలినా పెట్టె పారేయకండి. దానికి సరిపోయే గిన్నె ఎవరో ఒకరు వెతికి పెడతారు, అదే అసలుదని ప్రమాణం చేసి మరీ.

జపాన్ కుమ్మరి హమాదా షోజీ పేరు తప్పకుండా వాడండి. ఆయన చేసింది స్టోన్‌వేర్, పింగాణీ కాదు. అయినా వినేవాళ్ళకి తెలియదు. పైగా ఆయన కుండల మీద సంతకం పెట్టడం మానేశారు, పెట్టె మీదే పెట్టేవారు. చూశారా, పెట్టె మహిమ!

తొమిమొతో కెంకిచి జోలికి వెళితే జాగ్రత్త. 1955లో ప్రభుత్వం మొదటి విడతలోనే సజీవ జాతీయ సంపదగా గుర్తించిన మనిషి. ఆయన పాత్రల మీద చిన్న చిన్న ఫెర్న్ ఆకులు బంగారంతో, వెండితో పక్కపక్కనే మెరుస్తుంటాయి. దగ్గరికెళ్ళి చూడకండి. వెండి నల్లబడకుండా అందులో ప్లాటినం కలిపి, రెండు లోహాలనీ ఒకే కాల్పులో పట్టించడానికి ఆయన పడ్డ పాట్లు గుర్తొస్తాయి. బేరం చెడుతుంది.

కొన్నాక అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇంట్లో ఎవరో "ఇందులో పెరుగు తోడుపెట్టనా?" అంటారు. ఉలిక్కిపడండి. అలా ఉలిక్కిపడటం రాకపోతే మీరింకా సేకర్త కాలేదన్నమాట.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి. తొమిమొతో 1930లలో బట్టీల ఊళ్ళు తిరిగి, అక్కడ తయారైన చవక పింగాణీ మీద స్వయంగా బొమ్మలు వేశారు. మామూలు వాళ్ళు వాటిని కొనుక్కుని రోజూ వాడుకోవాలని.