పవళించిన స్వామి, నిలిచిపోయిన తాత

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ప్రజలు వచ్చిపోయే భవనాలన్నింటికీ సుగమ్యత, అనగా మెట్లెక్కలేనివారు సైతం లోనికి పోగల వెసులుబాటు, కల్పించాలని ఆదేశించగా, 2017లో నిబంధనలతో మొదలైన ఐదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. అయినా, కాకుమాను నుంచి సూర్యలంక సముద్రతీరం చేరిన వృద్ధుని చక్రాల కుర్చీలో, చిన్నవి కాబట్టి, ముందు చక్రాలే మొదట ఇసుకలో దిగబడతాయి. చుట్టి దాచగల బాటచాప ఒకటి పరిస్తే ఆ చిక్కు తీరుతుందని విదేశీ తీరాలు ఎన్నడో గ్రహించాయి. ఇక గుహల సంగతికొస్తే, ఉండవల్లిలో పైఅంతస్తున అనంతపద్మనాభుడు హాయిగా పవళించి ఉండగా, అరవై నిండినవారినందరినీ 2007 చట్టం వయోవృద్ధులుగా గుర్తించినప్పటికీ, వారి మోకాళ్లను రాతిమెట్లు గుర్తించవు. కొండను తొలిచిన శిల్పులకు, పాపం, అప్పట్లో ఏ చట్టమూ లేదు; టికెట్ల కిటికీ మాత్రం చట్టంతో పనిలేకుండానే నేలమట్టంగా, వృద్ధుని చేతికి అందేంత దూరంలో వెలసింది.