అరిసెల పాకసూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ధనుర్మాసం చివర్లో పట్నం నుంచి మనవరాలు ఫోన్ చేసి, "అరిసెలు ఎలా వండాలి అమ్మమ్మా?" అని అడిగింది. అప్పుడు అమ్మమ్మ నోట వెలువడిన ఏకవాక్య శాస్త్రం ఇది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడే. మూలంలో లేనిది రాయకూడదని ఆయన నియమం. మేమూ దానికి కట్టుబడతాం, అమ్మమ్మ మూలంలో ఏదైనా ఉన్నంత మేరకు.

మూలం:
"బియ్యం నానెయ్యి, పాకం వచ్చాక పిండి పట్టినంత పొయ్యి, కాస్త నెయ్యి వెయ్యి, మిగతాది నీకే తెలుస్తుందే!"

ప్రతిపదార్థం: నానెయ్యి = రాత్రంతా నీళ్ళలో ఉంచి, నీళ్ళు మార్చి, వడగట్టి, తడి ఆరకముందే దంచి, జల్లించి, పిండి పొడిబారకుండా అదిమి గుడ్డ కప్పుము (ఇదంతా ఒక్క క్రియలో ఇమిడి ఉంది); పాకం = బెల్లపు పాకము; వచ్చాక = ఉండకట్టే దశకు చేరిన పిమ్మట; పట్టినంత = ఆ పాకం ఇముడ్చుకోగలిగినంత; పొయ్యి = పోయుము (ఇక్కడ కట్టెల పొయ్యి అని అర్థం చెప్పినవాడు వంటింటి గడప తొక్కనివాడు); కాస్త = చలిమిడి చేతికి అంటుకోనంత; మిగతాది = నువ్వులు, గసగసాలు, ఏలకులు, తట్టే మందం, నూనె కాగడం, చెక్కల మధ్య నొక్కడం, ఆరబెట్టడం, అనగా శాస్త్రంలో ముప్పాతిక వంతు; తెలుస్తుందే = తెలియగలదు. చివరి ఏకారం వాత్సల్యార్థకం. విసుగు అని కొందరు.

అలంకారం: నానెయ్యి, పొయ్యి, వెయ్యి అని అంత్యప్రాస. ఏదీ తేల్చి చెప్పకపోవడం ధ్వని.

విశేషం: "వచ్చాక" అన్నదానికి లక్షణం చెప్పాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క పాకం వేసి, వేలితో కూడగడితే మెత్తని ఉండ కావాలి. ఉండ నిలవక జారిపోతే లేత పాకం, దానితో చేసిన అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఉండను పళ్ళేనికేసి కొడితే టంగుమంటే ముదురు పాకం. అది వేరుశెనగ అచ్చుకు శ్రేష్ఠం, అరిసెకు అరిష్టం, తాతగారి పళ్ళకు ప్రాణాంతకం.

పూర్వపక్షం: ఇంజనీరు మనవడు ఇలా ఆక్షేపిస్తాడు: "మెత్తని ఉండపాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. థర్మామీటరు ఉండగా వేలెందుకు? పట్టినంత, కాస్త అనేవి ఏం కొలతలు? పాతకాలం వాళ్ళకు కొలతలు తెలియవు."

సిద్ధాంతం: తెలియక కాదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం కొలిచేటప్పుడు అమ్మమ్మ గిద్దెడు తేడా రానివ్వదు. కొలత చేతిలో ఉండీ పిండి దగ్గర వాడలేదంటే అక్కడ అది పనికిరాదనే. తడిపిండిలో ఎంత నీరు మిగిలిందో వడగట్టిన తీరును బట్టి, ఆనాటి చలిని బట్టి మారుతుంది. బెల్లం శుద్ధమైన పంచదార కాదు, అనకాపల్లి దిమ్మ ఒకటున్నట్టు ఇంకొకటి ఉండదు. పంచదారకు చెప్పిన డిగ్రీలు దానికి అచ్చంగా అతకవు. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం అని రాసుకోవచ్చు, కానీ పిండి చాలిందో లేదో ఆ లెక్క చెప్పదు, తిప్పుతున్న తెడ్డు చెబుతుంది. కాబట్టి "పట్టినంత" అన్నదే కచ్చితమైన కొలత, గ్రాములే ఉజ్జాయింపు. 1956 నాటి తూనికలు కొలతల చట్టం కుంచాన్నీ మానికనూ సాగనంపింది గానీ "పట్టినంత"ను కదపలేకపోయింది.

పాఠాంతరాలు: "నువ్వులు పిండిలోనే కలుపు" అని పుట్టింటి ప్రతి, "పైన అద్దు" అని అత్తింటి ప్రతి. రెంటికీ సమన్వయం కుదర్చబోయి అల్లుళ్ళు నష్టపోయారు గనక మేము పూనుకోము. తెలంగాణ ఇళ్ళలో ఈ గ్రంథాన్ని సకినాలతో కలిపి పారాయణ చేస్తారు. తమిళుల అధిరసం, కన్నడిగుల కజ్జాయ, ఒడియా వారి అరిసా పిఠా ఇదే వంశపు శాఖలు.

అధికారి నిర్ణయం: ఈ శాస్త్రం ఎవరు చదవవచ్చు? కూతుళ్ళు, కోడళ్ళు అని ప్రాచీనులు. మగవాళ్ళకు చెక్కలు నొక్కి నూనె పిండే వరకే అధికారమని వారి మతం. నవీనులు దీన్ని ఖండించారు. తినడంలో అధికారం ఉన్నవాడికి తిప్పడంలోనూ ఉంటుందని వారి యుక్తి, మేమూ అంగీకరిస్తాం.

శంక: "మిగతాది నీకే తెలుస్తుంది" అన్నారు. మరి ఎందుకు తెలియలేదు? అమ్మమ్మ రహస్యం దాచిందా?

సమాధానం: దాచలేదు. ఈ వాక్యం పాకం గిన్నె ముందు నిలబడ్డవారికి చెప్పినది. మనవరాలు చిన్నప్పుడు ఏటా అక్కడే ఉంది గానీ ఆమెకిచ్చిన పని ఉండలు తట్టడం, ఆరినవి డబ్బాకెత్తడం. తెడ్డు ఒక్కసారీ చేతికివ్వలేదు. "పాకం చెడుతుంది, నువ్వు జరుగు" అన్నారు. ఏటా రెండు దిమ్మల బెల్లాన్ని కాపాడారు, పాకం పట్టే చేతిని మాత్రం తయారు చేయలేదు. శాస్త్రం నశిస్తున్నది మనవరాలి మరుపు వల్ల కాదు, పెద్దల జాగ్రత్త వల్ల.

తాత్పర్యం: ఓ మనవరాలా! కొలత రాసుకోకు, పరీక్ష నేర్చుకో. ఓ అమ్మమ్మా! పరీక్ష చెప్పి ఊరుకోకు, గిన్నె అప్పగించు.

ఫలశ్రుతి: దీన్ని చదివినంత మాత్రాన ఎవరికీ అరిసెలు రావు. అందుచేత పెద్దలకు మనవి: ఈ సంక్రాంతికి మీరు పీట వేసుకుని పక్కన కూర్చోండి, తెడ్డు పిల్లలకివ్వండి, మగపిల్లలకూ ఇవ్వండి. మొదటి పాకం చెడితే చెడనివ్వండి. ఇంకాస్త బెల్లం ముందే తెచ్చిపెట్టుకోండి.